డి.కె. బసు: లాకప్ హింసపై ఒక ఉత్తరం, ముప్పై ఏళ్ల కేసు

డి.కె. బసు అనే పేరు మన ఇళ్లలో పెద్దగా ఎవరికీ తెలియదు. వకీళ్లకు తెలుసు, పోలీసులకు ఇంకా బాగా తెలుసు. స్టేషన్‌లోకి వెళ్తే అరెస్టు నియమాల బోర్డు ఒకటి గోడకు ఉంటుంది. చాలాచోట్ల దుమ్ము పట్టి ఉంటుంది, కొన్నిచోట్ల దాని ముందు బీరువా అడ్డంగా ఉంటుంది. ఎవరూ నిలబడి చదవరు. ఆ బోర్డు మీది మాటలు ఈ మనిషి రాసిన ఒక ఉత్తరం వల్ల వచ్చాయి. రాత్రిపూట కొడుకునో తమ్ముడినో జీపులో ఎక్కించుకుని పోతే ఏం అడగాలో, ఎవరిని అడగాలో తెలియక స్టేషన్ గేటు బయట కూర్చునే కుటుంబాలు మన బస్తీల్లో తక్కువేమీ కాదు. అందుకే ఈ కేసు కథ ప్రతి ఇంట్లో తెలిసి ఉండాలి.

దిలీప్ కుమార్ బసు పశ్చిమ బెంగాల్‌లోని లీగల్ ఎయిడ్ సర్వీసెస్ అనే సంస్థకు ఎగ్జిక్యూటివ్ ఛైర్మన్. బీదవాళ్లకు ఉచితంగా న్యాయసాయం అందించే సంస్థ అది. 1986 జూలై 20, 21, 22 తేదీల్లో టెలిగ్రాఫ్ పత్రికలోనూ, ఆగస్టు 17న స్టేట్స్‌మన్, ఇండియన్ ఎక్స్‌ప్రెస్ పత్రికల్లోనూ లాకప్ మరణాల మీద వార్తలు వచ్చాయి. అలాంటి వార్తలు అందరం చదువుతాం, అయ్యో అనుకుంటాం, పేపరు మడిచి పక్కన పెడతాం. బసు మాత్రం ఆ వార్తలను జతచేసి 1986 ఆగస్టు 26న సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తికి ఉత్తరం రాశారు.

ఆ ఉత్తరంలో ఆయన ఏ ఒక్క కేసు గురించో అడగలేదు. స్టేషన్‌లో మనిషి చనిపోతే అసలు సంగతి కప్పిపుచ్చే ప్రయత్నమే ఎక్కువగా జరుగుతోందని, శిక్ష లేకపోవడంతో ఈ నేరం పెరుగుతూ పోతోందని రాశారు. కస్టడీలో ఉన్న మనిషి హక్కులేమిటో కోర్టే తేల్చాలని, బాధితుడికి లేదా అతని కుటుంబానికి పరిహారం ఇచ్చే పద్ధతి ఏర్పరచాలని, బాధ్యుడైన అధికారి జవాబు చెప్పేలా చూడాలని కోరారు. ఆ ఉత్తరాన్నే ప్రజాప్రయోజన వ్యాజ్యంగా తీసుకోమని కూడా అడిగారు. కోర్టు అలాగే రిట్ పిటిషన్‌గా తీసుకుని 1987 ఫిబ్రవరిలో నోటీసులు ఇచ్చింది.

పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం ఇచ్చిన జవాబు ఎలా ఉంటుందో ఊహించడం కష్టం కాదు. పోలీసులు దేన్నీ దాచడం లేదని, తప్పు చేసినవాళ్లపై చర్యలు తీసుకుంటూనే ఉన్నామని, ఈ పిటిషన్‌కు చట్టంలో నిలిచే ఆధారమే లేదని అఫిడవిట్ వేసింది. ఇంతలో 1987 జూలైలో అలీగఢ్ నుంచి కోర్టుకు ఇంకో ఉత్తరం వచ్చింది, అక్కడ పోలీసు కస్టడీలో జరిగిన ఒక మరణం గురించి. ఇది ఒక్క రాష్ట్రం గొడవ కాదని కోర్టుకు అర్థమైంది. ఆగస్టు 14న అన్ని రాష్ట్రాలకూ, లా కమిషన్‌కూ నోటీసులు వెళ్లాయి. కోర్టుకు సాయం చేయడానికి సీనియర్ న్యాయవాది అభిషేక్ మను సింఘ్వీ ఉన్నారు. ఇప్పుడు ఆయన తెలంగాణ నుంచి రాజ్యసభ సభ్యుడు.

ఒడిశాలో ఒక అమ్మ

బసు కేసు నడుస్తుండగానే ఒడిశా నుంచి ఒక తల్లి రాసిన ఉత్తరం సుప్రీంకోర్టుకు చేరింది. దొంగతనం కేసులో విచారణ అంటూ 1987 డిసెంబరు 1న ఆమె 22 ఏళ్ల కొడుకును ఔట్‌పోస్టుకు తీసుకెళ్లారు. మర్నాడు అతని శవం రైలు పట్టాల దగ్గర దొరికింది. ఒంటినిండా గాయాలు. రాత్రి కస్టడీ నుంచి తప్పించుకుని పారిపోయాడని, రైలు కింద పడ్డాడని పోలీసుల కథ. ఆ తల్లి నీలబతి బెహరా 1988 సెప్టెంబరులో కోర్టుకు ఉత్తరం రాసింది. 1993 మార్చి 24న తీర్పు వచ్చింది. పోలీసుల కథను కోర్టు నమ్మలేదు. కస్టడీలో మనిషి ప్రాణం పోతే ప్రభుత్వమే పరిహారం చెల్లించాలని, ప్రభుత్వానికి ఉండే మినహాయింపు ఇక్కడ పనిచేయదని చెప్పి 1,50,000 రూపాయలు ఇప్పించింది. ఆ బెంచిలో ఉన్న జస్టిస్ ఎ.ఎస్. ఆనందే తర్వాత బసు కేసులోనూ తీర్పు రాశారు.

కొడుకు ప్రాణానికి లక్షన్నర ఏమిటి అని ఎవరికైనా అనిపిస్తుంది, నాకూ అనిపించింది. కానీ అంతకుముందు అయితే ఆ తల్లి సివిల్ కోర్టులో దావా వేసుకుని ఏళ్ల తరబడి తిరగాల్సిందే. నేరుగా సుప్రీంకోర్టునో హైకోర్టునో అడిగి తీసుకోవచ్చనే దారి ఆ తీర్పుతో గట్టిపడింది.

రికార్డులో లేని గంటలు

బసు కేసులో తీర్పు 1996 డిసెంబరు 18న వచ్చింది. జస్టిస్ కుల్‌దీప్ సింగ్, జస్టిస్ ఆనంద్ ఇచ్చిన ఆ తీర్పులో హింస చెడ్డది అనే మాట మాత్రమే ఉంటే ఇవాళ దాన్ని ఎవరూ గుర్తుపెట్టుకునేవారు కాదు. దెబ్బలు ఎప్పుడు పడతాయో కోర్టు సరిగ్గా పట్టుకుంది. అరెస్టు చూపించిన తర్వాత కంటే, చూపించకముందే ఎక్కువ పడతాయి. మనిషిని ఇవాళ పట్టుకుంటారు, మూడో రోజు అరెస్టు చేసినట్టు రాస్తారు. మధ్యలో ఉన్న రెండు రాత్రులు ఏ కాగితంలోనూ ఉండవు. 'ఊరికే మాట్లాడి పంపించేస్తాం' అని తీసుకెళ్లిన మనిషికి అసలు అరెస్టే లేదు కాబట్టి హక్కులూ లేనట్టే నడుస్తుంది. అడిగితే 'మా దగ్గర లేడు' అంటారు.

కోర్టు పెట్టిన 11 నియమాలను ఈ దృష్టితో చదివితే ఒక్కోదాని అవసరం అర్థమవుతుంది. అరెస్టు చేసేవాళ్లు పేరు, హోదా కనిపించే బ్యాడ్జి పెట్టుకోవాలి. రేపు ఎవరు కొట్టారు అంటే పేరు చెప్పగలగాలి కదా. పట్టుకున్న చోటే, పట్టుకున్న సమయానికే అరెస్టు మెమో రాయాలి. దాని మీద ఇంట్లోవాళ్లో, ఆ వీధిలో పెద్దమనిషో సాక్షి సంతకం చేయాలి, అరెస్టయిన వ్యక్తి కూడా సంతకం పెట్టాలి. టైము, తేదీ అందులో ఉండాలి. ఆ రెండు రాత్రులకు తాళం వేసేది ఈ మెమోనే. ఎక్కడ ఉంచారో బంధువుకో స్నేహితుడికో చెప్పాలి. ఊరు వేరే జిల్లా అయితే 8 నుంచి 12 గంటల లోపు కబురు అందాలి. ఎవరికి చెప్పారు, ఏ అధికారుల అధీనంలో ఉన్నాడు అనేది స్టేషన్ డైరీలో రాయాలి.

తర్వాతది ఒంటి మీది గాయాల సంగతి. అరెస్టయిన మనిషి అడిగితే ఆ సమయానికి ఒంటి మీద ఉన్న చిన్నా పెద్దా గాయాలన్నీ రాసి ఇద్దరూ సంతకాలు చేయాలి, ఒక కాపీ అతనికి ఇవ్వాలి. కస్టడీలో ఉన్నన్ని రోజులూ ప్రతి 48 గంటలకు ఒకసారి డాక్టరు చూడాలి. లోపలికి వెళ్లేటప్పుడు ఒంటి మీద ఏమీ లేదు, బయటికి వచ్చేటప్పుడు ఉంది అని తేలితే ఇక ఏ కథా నిలబడదు. ఈ కాగితాలన్నింటి నకళ్లూ మేజిస్ట్రేట్‌కు పోవాలి. విచారణ జరుగుతున్నంతసేపూ కాకపోయినా మధ్యలో వకీలును కలవనివ్వాలి. జిల్లా కంట్రోల్ రూములో 12 గంటల లోపు అరెస్టు వివరాలు బోర్డు మీద పెట్టాలి. వీటిని పాటించని అధికారిపై శాఖాపరమైన చర్యతో పాటు కోర్టు ధిక్కారం కేసు కూడా పెట్టవచ్చు, దాన్ని ఆ రాష్ట్ర హైకోర్టులోనే వేయవచ్చు.

ఈ నియమాలు ఖాకీ వేసుకున్న పోలీసులకే కాదు, మనుషుల్ని పట్టుకుని ప్రశ్నించే అధికారమున్న కేంద్ర సంస్థలకూ వర్తిస్తాయని తీర్పులో ఉంది. ఉగ్రవాద కేసుల్లో ఏం చేసినా చెల్లుతుందనే వాదనను కూడా కోర్టు ఒప్పుకోలేదు. ఉగ్రవాదానికి జవాబు ప్రభుత్వమే హింసకు దిగడం కాదని స్పష్టంగా చెప్పింది. 1996లో చెప్పిన ఆ మాట హైదరాబాద్‌లో 2007లో ఎంతవరకు పనికొచ్చిందో మనకు తెలుసు.

హైదరాబాద్, మెదక్

2007 మే 18న, జుమా రోజున, మక్కా మసీదులో పేలుడు జరిగింది. తర్వాత పాతబస్తీ నుంచి పదులకొద్దీ ముస్లిం యువకుల్ని పట్టుకెళ్లారు. అప్పటి రాష్ట్ర మైనారిటీల కమిషన్ నియమించిన న్యాయవాది వాళ్లను కలిసి, కస్టడీలో హింస జరిగిందన్న ఆరోపణలను నివేదికగా ఇచ్చారు. కేసులు కోర్టుల్లో నిలబడలేదు. ఆ తర్వాత ప్రభుత్వం, నిర్దోషులుగా బయటపడిన 20 మందికి తలా 3 లక్షలు, పట్టుకెళ్లి వదిలేసిన మరో 50 మందికి తలా 20,000 రూపాయలు ఇచ్చింది. దేశంలో అలాంటిది చాలా అరుదు కాబట్టి అప్పట్లో అందరూ మెచ్చుకున్నారు. 2013లో హైకోర్టు ఆ పరిహారం ఉత్తర్వును కొట్టేసింది.

1986లో బసు అడిగింది గుర్తుందా? పరిహారానికి ఒక పద్ధతి కావాలని. ఆ పద్ధతిని చట్టంగా రాసి ఉంటే పరిహారం ప్రభుత్వం దయ మీద, ఒక జీవో మీద ఆధారపడేది కాదు. ఇప్పటికీ రాయలేదు.

మెదక్ సంగతి ఇంకా దగ్గరిది. 2023 జనవరి చివర్లో గొలుసు దొంగతనం కేసులో, సీసీటీవీలో కనిపించిన మనిషిలా ఉన్నాడని ఒక ముస్లిం కూలీని హైదరాబాద్ నుంచి తీసుకెళ్లారు. కొన్ని రోజులు ఉంచుకుని వదిలేశారు. ఒళ్లు హూనమైన స్థితిలో ఆసుపత్రుల చుట్టూ తిరిగి ఫిబ్రవరిలో గాంధీ ఆసుపత్రిలో ప్రాణం వదిలాడు. తనను పోలీసులు ఎలా కొట్టారో చనిపోకముందు చెప్పాడు. అది పత్రికల్లో వచ్చాక తెలంగాణ హైకోర్టు తనంతట తానే కేసు తీసుకుంది. అతను కస్టడీలో ఉన్న రోజులకు అరెస్టు మెమో ఒకటి, 48 గంటలకోసారి డాక్టరు చీటీ ఒకటి ఉండి ఉంటే ఆ కుటుంబం కథ వేరేగా ఉండేది.

పోలీసుల ముందు చేసిన నేరాంగీకారం కోర్టులో చెల్లదు కదా, మరి ఎందుకు కొడతారు అని కొందరు అడుగుతారు. చెల్లదు, నిజమే. కానీ నిందితుడు చెప్పినదాన్ని బట్టి వస్తువు దొరికితే, ఆ దొరకడానికి సంబంధించిన మాటవరకు చెల్లుతుంది. పాత సాక్ష్య చట్టంలో 27వ సెక్షన్‌గా ఉన్న ఈ వెసులుబాటు కొత్త చట్టంలోనూ అలాగే ఉంది. దొంగతనం కేసుల్లో 'రికవరీ' కోసం పడే దెబ్బలకు మూలం చాలావరకు అక్కడే ఉంది.

తీర్పు తర్వాత

బసు గెలిచారా అంటే సగం అనాలి. ఆయన కేసులోని నియమాల్లో ముఖ్యమైనవి 2008 సవరణతో క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లోకే వచ్చాయి, 2010 నవంబరు నుంచి అమలయ్యాయి. కేసు మాత్రం మూతపడలేదు. అమలు ఎలా ఉందని అడుగుతూ 2015 జూలై 24 దాకా నడిచింది. ఆ రోజు జస్టిస్ టి.ఎస్. ఠాకూర్, జస్టిస్ భానుమతి బెంచి ఇంకా కొన్ని ఆదేశాలిచ్చింది. మానవ హక్కుల కమిషన్ లేని రాష్ట్రాలు పెట్టుకోవాలి, ఖాళీలు నింపాలి, జైళ్లలో కెమెరాలు పెట్టాలి, ప్రతి స్టేషన్‌లో కనీసం ఇద్దరు మహిళా కానిస్టేబుళ్లు ఉండేలా చూడాలి. ఖాళీలు నింపమన్న ఆదేశానికి విలువ ఎంతో మనమే చూశాం: తెలంగాణ కమిషన్ 2022 చివర్లో గడువు ముగిశాక, 2025 ఏప్రిల్‌లో జస్టిస్ షమీమ్ అఖ్తర్‌ను నియమించేదాకా ఛైర్మన్ లేకుండానే ఉండిపోయింది. మెదక్ ఘటన జరిగింది ఆ ఖాళీ రోజుల్లోనే.

స్టేషన్లలో కెమెరాల సంగతి 2020 డిసెంబరు 2న మరో కేసులో తేలింది. లాకప్, వరండా, రాకపోకల ద్వారాలు అన్నీ కనిపించేలా, రాత్రిపూట కూడా పనిచేసేలా, మాటలు కూడా రికార్డయ్యేలా కెమెరాలు ఉండాలి. రికార్డింగు 18 నెలలు దాచాలి, ఎట్టి పరిస్థితుల్లోనూ ఏడాదికి తగ్గకూడదు. ఐదేళ్లు గడిచినా చాలా స్టేషన్లలో అవి పనిచేయడం లేదు. 2025 సెప్టెంబరులో ఒక పత్రికలో వచ్చిన లాకప్ మరణాల వార్త చూసి సుప్రీంకోర్టు మళ్లీ తనంతట తానే కేసు తీసుకుంది. 1986లోనూ పేపరు వార్తే, 2025లోనూ పేపరు వార్తే.

అన్నిటికంటే పెద్ద లోటు చట్టం లేకపోవడం. హింసకు వ్యతిరేకమైన ఐక్యరాజ్యసమితి ఒప్పందంపై మన దేశం 1997 అక్టోబరులో సంతకం చేసింది, ఇవాళ్టికీ ఆమోదించలేదు. 2010లో హింస నిరోధక బిల్లు లోక్‌సభలో పాసై రాజ్యసభ సెలెక్ట్ కమిటీకి వెళ్లింది, అక్కడినుంచి చట్టం కాలేదు. కస్టడీలో గాయం కనిపిస్తే అది పోలీసులే చేశారని కోర్టు భావించేలా సాక్ష్య చట్టం మార్చాలని లా కమిషన్ 1985లోనే చెప్పింది. బసు తీర్పు కూడా ఆ మాట గుర్తుచేసింది. 2017లో లా కమిషన్ ఇంకోసారి బిల్లు ముసాయిదాతో సహా నివేదిక ఇచ్చింది. అదీ అలమారలోనే ఉంది.

ఇప్పుడు ఇంట్లోవాళ్లు ఏం చేయాలి

2024 జూలై 1 నుంచి పాత కోడ్ స్థానంలో భారతీయ నాగరిక సురక్షా సంహిత వచ్చింది. బసు నియమాలు అందులో కొత్త నంబర్లతో ఉన్నాయి. 36వ సెక్షన్ అరెస్టు మెమో, 38 వకీలును కలిసే హక్కు, 47 అరెస్టుకు కారణం చెప్పడం, 48 బంధువుకు తెలియజేయడం, 53 డాక్టరు పరీక్ష, 58 ఇరవై నాలుగు గంటల్లో మేజిస్ట్రేట్ ముందుకు తీసుకురావడం. యూఏపీఏ కేసుల్లో అరెస్టు కారణాలు రాతపూర్వకంగా ఇవ్వాల్సిందేనని 2024 మేలో సుప్రీంకోర్టు చెప్పింది. 2025 నవంబరులో అన్ని నేరాలకూ, అర్థమయ్యే భాషలో ఇవ్వాలని చెప్పింది. కొత్త సంహితలో భయపడాల్సిన మార్పూ ఒకటుంది. పాత పద్ధతిలో పోలీసు కస్టడీ మొదటి 15 రోజుల్లోనే అయిపోయేది. ఇప్పుడు ఆ 15 రోజుల్ని కేసును బట్టి 40 లేదా 60 రోజుల వ్యవధిలో ముక్కలు ముక్కలుగా అడగవచ్చు. జైలుకు వెళ్లాక కూడా మళ్లీ స్టేషన్‌కు రావచ్చన్నమాట. కాబట్టి ప్రతిసారీ డాక్టరు పరీక్ష అడగాలి.

పోలీసులు తలుపు తట్టినప్పుడు అరుపులు, తోపులాట వద్దు. 'ఏ స్టేషన్, మీ పేరేంటి సార్, అరెస్టా లేక నోటీసా' అని అడగండి. వచ్చిన టైము, బండి నంబరు, ఎవరు తీసుకెళ్లారు అనేది వెంటనే రాసుకోండి. వీధిలో ఇద్దరికి చూపించండి. ఏడేళ్ల లోపు శిక్ష పడే కేసుల్లో చాలావరకు ముందు 35(3) కింద నోటీసు ఇస్తే సరిపోతుంది. సాక్షిగా అయితే ఆడవాళ్లను, 15 ఏళ్ల లోపు పిల్లల్ని, 60 దాటిన పెద్దల్ని స్టేషన్‌కు రమ్మని బలవంతం చేయకూడదు, ఇంటికే వచ్చి అడగాలి. ఆడవాళ్లను సూర్యాస్తమయం తర్వాత, సూర్యోదయానికి ముందు అరెస్టు చేయకూడదు. తప్పనిసరైతే మేజిస్ట్రేట్ అనుమతి తీసుకుని మహిళా అధికారే రావాలి.

మెమో ఇవ్వకపోతే అడిగిన సంగతిని ఎస్పీకో కమిషనర్‌కో రిజిస్టరు పోస్టులో, ఈమెయిల్‌లో పంపండి. ఆ టైము తర్వాత సాక్ష్యమవుతుంది. వకీలుకు డబ్బు లేకపోతే 15100కు ఫోన్ చేయండి, జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది. 24 గంటలు దాటినా కోర్టుకు తీసుకురాకపోతే హైకోర్టులో హెబియస్ కార్పస్ పిటిషన్ వేయవచ్చు. తెలుగునేలపై పౌరహక్కుల కోసం దశాబ్దాలు వాదించిన కె.జి. కన్నబిరాన్ తన ఆత్మకథకు పెట్టుకున్న పేరు '24 గంటలు'.

మేజిస్ట్రేట్ ముందు నిలబెట్టిన ఆ రెండు నిమిషాలు చాలా విలువైనవి. చాలామంది పిల్లలు అక్కడ నోరు తెరవరు, మళ్లీ స్టేషన్‌కే పంపుతారేమోనని భయం. 'కొట్టారు, డాక్టరుకు చూపించండి' అని అక్కడ చెప్పిన మాటను రికార్డు చేయించాలి. ఇంట్లోవాళ్లు ఎవరైనా ఆ రోజు కోర్టు హాల్లో ఉంటే పిల్లాడికి ధైర్యం.

మానవ హక్కుల కమిషన్‌కు ఫిర్యాదు తెలుగులో రాయవచ్చు, ఉర్దూలోనూ రాయవచ్చు. ఫీజు లేదు. అయితే ఘటన జరిగి ఏడాది దాటితే కమిషన్ విచారణ చేపట్టదు. బాధతో, భయంతో ఆరేడు నెలలు ఇట్టే గడిచిపోతాయి. స్టేషన్ కెమెరా రికార్డింగును భద్రపరచమని మాత్రం మొదటి వారంలోనే రాతపూర్వకంగా అడిగి, అందినట్టు ముద్ర వేయించుకున్న కాపీ ఇంట్లో ఉంచుకోండి.